ప్రోటోటైప్ రాసినా పెర్ల్ పట్టించుకోవడం లేదా?

తమ్ముడూ,

నీ మెయిల్ చదివాను. పెర్ల్ భాషలో రాసిన ఫంక్షన్‌కి ($$) అని ప్రోటోటైప్ పెట్టావు, అంటే రెండు విడి విలువలు తీసుకుంటుందని చెప్పే గుర్తు. వేరే మాడ్యూల్ (విడి కోడ్ ఫైల్) నుంచి మూడు ఆర్గ్యుమెంట్లిచ్చి, అంటే మూడు విలువలిచ్చి, కాల్ చేసినా పెర్ల్ కిక్కురుమనలేదు. టెన్షన్ పడి కోడ్ అంతా తిరగరాయకు. ముందు ఒక్కటి చూడు: ఆ కాల్ ఉన్న లైన్ కంపైల్ అయ్యేసరికి, అంటే నడిపే ముందు పెర్ల్ దాన్ని చదివి సిద్ధం చేసుకునేసరికి, ఫంక్షన్ డిక్లరేషన్ పెర్ల్ కంటపడిందా? ప్రోటోటైప్‌ని చూసేది అప్పుడే. ఆ తర్వాత వెనక్కొచ్చి చూడదు.

మాడ్యూల్‌ని తెచ్చుకోవడానికి రిక్వైర్ (require), యూజ్ (use) అని రెండు ఆదేశాలున్నాయి. నాకు ముందు అనుమానం వచ్చేది రిక్వైర్ మీదే. అది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మాడ్యూల్‌ని తెస్తుంది, అప్పటికి నీ లైన్ కంపైల్ అయిపోయి ఉంటుంది. యూజ్ అయితే కంపైల్ దశలోనే తెస్తుంది. ఒకే ఫైల్లో వరస తప్పితే ప్రోటోటైప్ చూడకముందే కాల్ చేశావని చాలాసార్లు వార్నింగ్ వస్తుంది. రిక్వైర్‌తో అదీ రాదు, కాబట్టి వార్నింగ్ లేదు గదా అని ధీమాగా ఉండకు.

యూజ్ ఉన్నా పని జరగకపోతే, రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి యూజ్ చేస్తున్నాయేమో చూడు. నేను రెండు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. మొదటిది సగంలో ఉండగానే రెండోది కంపైల్ అవుతుంది, దానికి మొదటిదాని ఫంక్షన్లు ఇంకా కనపడవు. ఇద్దరికీ కావలసినవి తీసి మూడో మాడ్యూల్లో పెట్టాక గానీ నాకు నిద్ర పట్టలేదు.

ముందు & పెట్టి కాల్ చేసినా, మెథడ్‌గా (ఆబ్జెక్ట్ లేదా క్లాస్ ద్వారా) కాల్ చేసినా ప్రోటోటైప్‌ని అసలు లెక్కచేయదు. అసలు ప్రోటోటైప్ ఉందో లేదో తేల్చుకోవడానికి ప్రోటోటైప్ అనే పేరుతోనే ఒక బిల్ట్-ఇన్ ఫంక్షన్ ఉంది. ఫంక్షన్ పేరిస్తే ఉన్నది చెబుతుంది, లేకపోతే అన్‌డెఫ్ (విలువ ఏమీ లేదనే సూచన) ఇస్తుంది.

ఇంకో మాట, నీకు నచ్చకపోవచ్చు. ఆర్గ్యుమెంట్లు లెక్కపెట్టడానికి ప్రోటోటైప్ సరైన పనిముట్టు కాదు. ($$) ఉన్న చోట అర్రే (విలువల వరస) ఇస్తే అందులోని విలువలు వెళ్లవు, వాటి సంఖ్య ఒక్కటే వెళ్తుంది. పాత ఫంక్షన్‌కి ప్రోటోటైప్ తగిలించి నేను ఇలాగే తప్పుడు లెక్కలు తెచ్చుకున్నాను. నీకు కావలసింది సిగ్నేచర్, అంటే ఫంక్షన్ తీసుకునే ఆర్గ్యుమెంట్లను పేర్లతో బ్రాకెట్లలో రాసే పద్ధతి. పెర్ల్ 5.36 నుంచి అది ప్రయోగదశ దాటింది. రన్ టైమ్‌లో లెక్క చూస్తుంది కాబట్టి మాడ్యూళ్ల వరస ఎలా ఉన్నా, & పెట్టినా వదలదు. అది ఆన్ చేశాక బ్రాకెట్లు సిగ్నేచర్‌వి అయిపోతాయి, ప్రోటోటైప్ కావాలంటే కోలన్ పెట్టి అట్రిబ్యూట్‌గా, అంటే ఫంక్షన్‌కి తగిలించే అదనపు గుర్తుగా, రాయాలి.

ముందు ఆ రిక్వైర్ సంగతి చూడు. బిల్ట్-ఇన్ ఏం చెప్పిందో రేపు రాయి.

మీ అన్నయ్య