అత్తయ్య అలక తీరాలంటే
చెల్లి పెళ్లి శుభలేఖ వాట్సాప్‌లో పంపినందుకు మీ మేనత్త అలిగారన్నారు కదా. టెన్షన్ పడకండి, పరాయివాళ్లయితే అలగరు. మన ఇళ్లలో దగ్గరివాళ్లను బొట్టు పెట్టి పిలవాలి, ఆవిడ బాధ అదే. ఈ ఆదివారమే మీ అమ్మగారితో వెళ్లండి. వెళ్లగానే సంజాయిషీ మొదలుపెట్టకండి. మంచినీళ్లు తాగి, స్థిమితంగా కూర్చున్నాక, అమ్మగారి చేత అత్తయ్యకు కుంకుమ బొట్టు పెట్టించండి. మూలలకు పసుపు రాసిన శుభలేఖ రెండు చేతులతో ఇచ్చి, "మీరు రెండు రోజుల ముందే వచ్చి దగ్గరుండి జరిపించాలి, అత్తయ్యా" అనండి. ఉత్త "రండి" చాలదు. మా పెద్దమ్మకు ఆ "జరిపించాలి" అన్న మాట వినగానే కళ్లు చెమర్చాయి. కాఫీ ఇస్తే వద్దనకండి. లేచేటప్పుడు కాళ్లకు దండం పెట్టి, "వెళ్లొస్తాం" అని చెప్పి రండి.