చించేశారు సరే, చదివేదెవరు?

చిట్టితల్లీ,

మీ మేనేజర్ ప్రజెంటేషన్ ఇస్తే ఆఫీసు గ్రూపులో ‘చించేశారు సార్’ అని పెట్టావట. అప్పట్నుంచి ఆయన నీతో ముభావంగా ఉంటున్నారని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు. నువ్వు మెచ్చుకోబోయావని నాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది? ‘చించేశావు’ అంటే అదరగొట్టావని. ‘చించావులే’ అంటే నీ మొహం, ఏం చేశావని. అదే మాట ఒక్కోసారి పొగడ్త, ఒక్కోసారి వెక్కిరింత. ఎదురుగా ఉంటే గొంతుని బట్టి పోల్చుకుంటాం. మెసేజ్‌కి గొంతేదీ? ‘తోపు’ కూడా అంతే. ‘ఆయన తోపు’ అంటే మెప్పు, ‘నువ్వేమైనా తోపువా?’ అంటే కయ్యం. చనువు లేనివాళ్లకి ఇలాంటివి రాసి పంపకు. నోటితో అను, ముఖం చూసుకుంటూ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇరుక్కున్నాను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకాయనతో ‘ఆ ఫైలు గమ్మున కానివ్వండి’ అన్నాను, త్వరగా అనే ఉద్దేశంతో. వాళ్ల వైపు ‘గమ్మునుండు’ అంటే నోరు మూసుకుని కూర్చోమని. ఆయన నన్ను పక్కకి పిలిచి, ‘గుట్టుగా చేయాల్సినంత పని ఇందులో ఏముందండీ?’ అన్నాడు. అడిగాడు కాబట్టి బతికిపోయాను. లోపలే పెట్టుకునుంటే నన్ను లంచగొండి అనుకునేవాడు! అందుకే నీకు ఎవరి మాటైనా గుచ్చుకుంటే అలగకముందు ‘అంటే ఏంటండీ?’ అని అడుగు. ‘బొక్క’ ఒక్కటే చూడు, తెలంగాణలో ఎముక, కోస్తాలో కన్నం, కుర్రాళ్ల నోట నష్టం.

ఇంగ్లిష్ వాళ్లకీ ఈ తిప్పలు తప్పలేదు. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన డేవిడ్ కామెరాన్ ‘ఎల్‌ఓఎల్’ అంటే బోలెడంత ప్రేమ అనుకుని అప్పుడప్పుడూ మెసేజ్‌ల చివర పెట్టేవారు. అది పగలబడి నవ్వడమని ఆయనకి తెలిసిన పత్రికా సంపాదకురాలు రెబెకా బ్రూక్స్ చెప్పాక మానేశారు. ఆవిడే 2012లో, అక్కడి పత్రికల తీరుపై జరిగిన లెవెసన్ విచారణలో ఈ సంగతి బయటపెట్టారు.

ఇక మీ సార్ సంగతి. ‘అది స్లాంగ్ సార్, మీకు తెలియదేమో’ అని మాత్రం అనకు, మొదటిదానికంటే ఘోరం. కనిపించినప్పుడు ఆ ప్రజెంటేషన్‌లో నీకు ఏ ముక్క నచ్చిందో చెప్పు. అది బాగుందనే ‘చించేశారు’ అన్నానని చెప్పు. అంతకుమించి సంజాయిషీలొద్దు.

అన్నట్టు, నిన్న నా ఫొటో కింద ‘రచ్చ మావయ్యా’ అని పెట్టావు. మా రోజుల్లో పరువు పోతేనే రచ్చకెక్కేవాళ్లం. మీ అత్తయ్య అది పొగడ్తేనని అంటోంది. నిజమేనా?

మీ మావయ్య