అలల కరెంటు మీద పీహెచ్‌డీ చేస్తానంటున్నాడు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఓషన్ ఇంజినీరింగ్ బీటెక్ మూడో ఏడు. సముద్రపు అలల నుంచి కరెంటు తీసే పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటున్నాడు. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళుతుంటే వీడెప్పుడు స్థిరపడతాడు? ఉద్యోగం మేలా, పీహెచ్‌డీ మేలా? - ఓ తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఉద్యోగమా, పీహెచ్‌డీనా అన్నది పైకి అడిగిన మాట. వాడు ఆలస్యంగా స్థిరపడితే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే మీ అసలు దిగులు. దాని సంగతి తర్వాత.

ముందు అలల కరెంటు మీద నా అనుమానాలు చెప్పాలి. గ్రీన్ ఎనర్జీ అనగానే పిల్లలు ఎగబడుతున్నారు. 2008లో పోర్చుగల్ తీరంలో పెలామిస్ యంత్రాలు మూడు దించారు, మొత్తం 2.25 మెగావాట్లు. కొద్ది నెలలకే వాటిని ఒడ్డుకు లాగేశారు, 2014లో ఆ కంపెనీయే చేతులెత్తేసింది. మన దగ్గర ఐఐటీ మద్రాస్ వాళ్లు 1991లోనే కేరళలోని విళింజంలో 150 కిలోవాట్ల ప్లాంటు నడిపారు. అక్కడ కట్టిన గదిలో అలతో పాటు నీరు లేచినప్పుడు గాలి బయటికి తోసుకొస్తుంది, దిగినప్పుడు లోపలికి వెళుతుంది. గాలి ఎటు వీచినా వెల్స్ టర్బైన్ ఒకే వైపు తిరుగుతుంది. ఎంత చక్కటి ఆలోచన! అయినా అది వ్యాపారం కాలేదు. 2022లో తూత్తుకుడి దగ్గర వాళ్లే పరీక్షించిన అలల యంత్రం సింధూజ-1 ఇచ్చింది 100 వాట్లు. పరిశోధన నమూనాగా అది మంచి మెట్టే, కానీ దాన్ని చూసి ఉద్యోగాల లెక్క వేసుకోకూడదు. చిక్కు ఎక్కడంటే, యంత్రాన్ని తుపానుకు తట్టుకునేలా కట్టాలి, రాబడి మాత్రం మామూలు రోజుల అలల నుంచే రావాలి. పైగా మన తీరంలో అలల శక్తి ఉత్తర అట్లాంటిక్‌తో పోలిస్తే బాగా తక్కువ.

మరి వద్దనాలా? అక్కర్లేదు. ఈ పరిశోధనలో వాడు నేర్చేది అలల ఒత్తిడి లెక్క, మూరింగ్ (యంత్రం కొట్టుకుపోకుండా కట్టి ఉంచడం), తుప్పు, కొలతలు. ఓడరేవులకు, చమురు ప్లాట్‌ఫారాలకు, సముద్రంలో పెట్టే గాలిమరలకు, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీలో తయారవుతున్న, మనుషుల్ని సముద్రం అడుగుకు తీసుకెళ్లే మత్స్య 6000కు కావలసింది ఆ చదువే. ప్రొఫెసర్ పని చూడాలంటే ల్యాబ్‌లో పొడవాటి నీటి తొట్టి దగ్గర నిలబడాలి. ఒక చివర పలక అలలు పుట్టిస్తుంది, నమూనా ఊగుతుంది, కొలత పూర్తయ్యాక నీరు నిమ్మళించేదాకా కూర్చుని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఓపిక మీవాడికి ఉందో లేదో మీకు తెలియాలి.

ఇక డబ్బు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు. మీ మీద ఆధారపడడు. చదువు అయిదేళ్లు పట్టొచ్చు, అధ్యాపక పోస్టులు తక్కువ, హామీ ఎవరూ ఇవ్వలేరు. అయినా పీహెచ్‌డీ చేసినవాడికి పైన చెప్పిన పనుల దారి మూసుకుపోదు.

ఒక్క మాట కటువుగానే అంటాను. పక్కనే హిందుస్తాన్ షిప్‌యార్డ్, నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ ఉన్న ఊళ్లో ఉండి, మూడేళ్లుగా కొడుకు ఏం చదువుతున్నాడో ఒక్కసారైనా అడిగారా? పక్కింటి అబ్బాయి జీతం మాత్రం కంఠతా వచ్చు! ఈ వేసవిలో వాణ్ణి ఏదైనా ఓషన్ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కు పంపండి. తిరిగొచ్చాక ఏ ప్రయోగం ఎందుకు చెడిపోయిందో మీకు వివరించమనండి. అది ఉత్సాహంగా చెప్పగలిగితే గేట్ పరీక్షకు కూర్చోనివ్వండి.