పాత బీచ్ అడవులు, ఓక్ అడవులు: మీ ప్రశ్నలకు జవాబులు

యూరప్‌లో మిగిలిన పాత బీచ్, ఓక్ అడవుల మీద (బీచ్ అంటే ఇక్కడ సముద్రపు ఒడ్డు కాదు, ఓక్ లాగే ఆకురాల్చే ఒక పెద్ద చెట్టు) పోయిన సంచికలో రాసిన చిన్న వ్యాసానికి ప్రశ్నలు బాగా వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను. కంచె గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం, ఓక్ సంగతి చెప్పాల్సి రావడంతో, జవాబు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మీరు వేసిన బీచ్ అడవి ఫొటోలో సగం చెట్లు సన్నవే. కొన్నయితే మనిషి ఎత్తు కూడా లేవు. దీన్ని పాత అడవి అని ఎలా అంటారు? అన్నీ మహావృక్షాలే ఉండాలి కదా?

జవాబు: అన్నీ ఒకే ఈడు మహావృక్షాలు కనిపిస్తేనే అనుమానించాలి. ఒకేసారి మొలిపించి, ఒకేసారి నరకడానికి పెంచిన అడవి అలా ఉంటుంది. మనిషి చెయ్యి పడని బీచ్ అడవిలో సన్న మొక్కలు లెక్కలేనన్ని, మధ్యరకం కొంచెం తక్కువ, బాగా లావు మానులు ఇంకా తక్కువ, పైగా ఇవన్నీ పక్కపక్కనే కలగలిసి ఉంటాయి. మీరు ఫొటోలో చూసింది అదే.

అక్కడ చావు ఎక్కువగా ఒక్కో చెట్టుకు విడివిడిగా వస్తుంది కాబట్టి అలా ఉంటుంది. మధ్య యూరప్ బీచ్ అడవుల్లో కార్చిచ్చులు అరుదు. పెద్ద గాలివాన ఎప్పుడో ఒకసారి ఒక వాలు మొత్తాన్ని పడగొట్టినా, మామూలుగా జరిగేది ఒక ముసలి మానో, పక్కపక్కనున్న రెండు మూడు మానులో కూలడం, పైన ఆకుల పందిరిలో చిన్న సందు పడటం. ఆకులు నిండుగా ఉన్నప్పుడు బీచ్ పందిరి కిందికి చేరే వెలుగు చాలా స్వల్పం, చాలా జాతుల మొక్కలు అక్కడ బతకలేవు, బీచ్ పిల్లమొక్క మాత్రం బతుకుతుంది. దాదాపు పెరగదు, అలాగని చావదు, కాచుకుని ఉంటుంది. మణికట్టంత లావు కాండాన్ని కోసి వలయాలు లెక్కపెడితే 80, 100 ఏళ్ల వయసు తేలడం ఆ అడవుల్లో వింత కాదు. ఆ వలయాలు భూతద్దం లేకుండా లెక్కకు అందవు, అంత సన్నం. పైన సందు పడిన ఏడాది తర్వాత అవి ఉన్నట్టుండి వెడల్పవుతాయి. పక్క చెట్లు కొమ్మలు చాచి సందు మూసేస్తే మళ్లీ సన్నబడతాయి, ఇంకో సందు దొరికే దాకా అంతే. ఇలా రెండు మూడు విడతల్లో పైకి చేరిన చెట్లు చాలా ఉంటాయి. కాబట్టి సన్నగా ఉందని దాన్ని పిల్లచెట్టు అనుకోకండి.

వయసు సంగతి కూడా చెప్పాలి. కలప కోసం పెంచే బీచ్‌ను సాధారణంగా 120, 140 ఏళ్ల మధ్య నరికేస్తారు. వదిలేస్తే అది 250, 300 ఏళ్లు సులువుగా బతుకుతుంది. ఇటలీ దక్షిణాన పొల్లీనో కొండల్లో 600 ఏళ్లు దాటిన బీచ్‌లు దొరికాయి. అంటే మామూలు బీచ్ అడవిలో చెట్టు జీవితంలో రెండో సగం అసలు జరగనే జరగదు. తొర్రలు, ఎండు కొమ్మలు, బెరడు పగుళ్లు, లోపల పుచ్చు, అన్నీ ఆ రెండో సగంలోనే వచ్చేవి. పాత అడవిలో వెతుక్కోవాల్సింది అవే.

ప్రశ్న: కూలిన చెట్లను, నిలబడే ఎండిపోయిన మానులను తీసేయకుండా వదిలేస్తే పురుగు పట్టి మిగతా చెట్లకూ పాకదా? అడవిని శుభ్రంగా ఉంచడంలో తప్పేముంది?

జవాబు: ఈ భయానికి మూలం బీచ్ కాదు, ఓక్ కాదు, స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్టు. స్ప్రూస్ బెరడు కింద గుడ్లు పెట్టే ఒక చిన్న పెంకుపురుగు ఉంది. అది గాలికి అప్పుడే పడిన స్ప్రూస్‌లో పెరిగి, ఎండదెబ్బ తిన్న పచ్చి చెట్ల మీదికి గుంపులుగా వెళ్లగలదు. ఏళ్ల కిందట చచ్చి నాచు పట్టిన బీచ్ దుంగలో ఉండే పురుగులు వేరే రకం. అవి చచ్చిన కలప తిని బతికేవి, పచ్చని చెట్టు వాటికి పనికిరాదు.

ఈ తేడా చూడకపోతే ఏమవుతుందో పోలాండ్‌లో చూశాం. బియావోవెజా అడవిలో స్ప్రూస్‌కు పురుగు పట్టిందని చెప్పి 2016లో ప్రభుత్వం నరికివేత పరిమితిని మూడింతలకు దగ్గరగా పెంచింది, యంత్రాలు పాత చెట్ల మధ్యకు వెళ్లాయి. చివరికి 2018 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అది చట్టవిరుద్ధమని తేల్చింది. తీర్పు మంచిదే. కానీ అప్పటికే పడ్డ చెట్లు పడిపోయాయి.

అడవిలో బతికే జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు ఏదో ఒక దశలో చచ్చిన కలప మీద ఆధారపడేవే. ఉక్రెయిన్ కార్పతియన్ కొండల్లో ఉహోల్కా, షిరోకీ లుహ్ అనే చోట సుమారు 8,800 హెక్టార్ల ఆదిమ బీచ్ అడవి ఒకే ముక్కగా మిగిలి ఉంది, అక్కడ హెక్టారుకు 150 ఘనపు మీటర్లకు పైగా చచ్చిన కలప లెక్కతేలింది. జర్మనీ అడవుల సగటు 2012 లెక్కలో 20 చుట్టుపక్కల. శుభ్రం అనే మాట వెనక ఉన్న తేడా ఇంత.

ఒక్క దుంగ దగ్గర కాసేపు కూర్చుని చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. బీచ్ మాను చాలాసార్లు వేళ్లతో సహా పెకలిపోదు, మధ్యలో విరుగుతుంది. లోపల కలపను గుర్రపు డెక్క ఆకారంలో ఉండే గట్టి బూడిదరంగు పుట్టగొడుగు ముందే మెత్తబరిచి ఉంటుంది కాబట్టి. నిలబడి మిగిలిన మొండెం మీద ఆ పుట్టగొడుగులు నేలకు సమాంతరంగా, గొడుగు కిందివైపు ఉండేలా పెరిగి ఉంటాయి. పడిన ముక్క మీద అదే పుట్టగొడుగు 90 డిగ్రీలు తిరిగి, మళ్లీ నేలకు సమాంతరంగా కొత్తగా పెరుగుతుంది. రెండు వరసలనూ పోల్చి చూస్తే, చెట్టు పడకముందు ఎంత పెరిగిందో పడ్డాక ఎంత పెరిగిందో చూపుతో చెప్పేయొచ్చు. ఎండ తగిలే వైపు ఎండు కలపలో రోసాలియా అనే నీలిబూడిద రంగు పొడవు మీసాల పురుగు గుడ్లు పెడుతుంది, దాని పిల్ల కలప లోపలే ఏళ్ల తరబడి ఉంటుంది. ఈలోగా ఆ దుంగను ఎవరైనా వంటచెరకుగా పట్టుకుపోతే ఆ తరం అంతా అందులోనే పోతుంది.

ప్రశ్న: ఇప్పుడు నాటి 300 ఏళ్లు కాపాడితే పాత అడవి వస్తుందా?

జవాబు: చెట్లు వస్తాయి. మిగతావి రావాలంటే పక్కనే ఒక పాత అడవి బతికి ఉండాలి. పాత ఓక్ తొర్రల్లో బతికే హెర్మిట్ పెంకుపురుగును తీసుకోండి. తొర్ర అడుగున పుచ్చిన కలప పొడి, ఆకులు, పక్షి గూటి చెత్త కలిసి నల్లటి పొడిలా పేరుకుంటుంది, దాని పిల్లలు అందులోనే పెరుగుతాయి. పెద్దయ్యాక కూడా ఎక్కువ శాతం పుట్టిన చెట్టు వదిలి వెళ్లవు, వెళ్లినవి చాలావరకు కొన్ని వందల మీటర్లకు మించి ఎగరవు. అలాంటి తొర్ర ఏర్పడాలంటే ఓక్‌కు దాదాపు 200 ఏళ్లు దాటాలి. ఒక్క చోట ఒక్క తరం తొర్ర చెట్లు పోయి, తర్వాతి తరం ఇంకా తొర్ర పట్టకపోతే ఆ పురుగు అక్కడ అంతరించినట్టే, మళ్లీ ఎక్కడినుంచో ఎగిరి రాదు. 1992 యూరప్ ఆవాసాల చట్టంలో దానికి ప్రాధాన్య జాతి హోదా ఇచ్చింది ఇందుకే.

ప్రశ్న: అయితే పాత అడవుల చుట్టూ కంచె వేసి, ఎవరినీ రానివ్వకుండా వదిలేస్తే సరిపోతుంది కదా? అంతకంటే చేయాల్సింది ఏముంది?

జవాబు: బీచ్‌కు సరిపోతుంది. ఓక్‌కు చాలాచోట్ల సరిపోదు. సంరక్షణ గురించి మాట్లాడేవాళ్లు రెండింటికీ ఒకే మందు చెప్పడం నాకు మింగుడుపడని విషయం.

ఓక్ వెలుగు అడిగే చెట్టు. దాని పిల్లమొక్క బీచ్ లాగా చీకట్లో దశాబ్దాలు కాచుకుని ఉండలేదు, కొన్నేళ్లలో చచ్చిపోతుంది. బీచ్ హాయిగా పెరిగే నేలల్లో కంచె వేసి వదిలేస్తే పాత ఓక్‌ల కింద బీచ్ మొలుస్తుంది, వాటి కొమ్మల్లోంచి పైకి దూసుకొస్తుంది, నీడ పడిన కింది కొమ్మలు ఎండిపోతాయి, చివరికి ఓక్ కూలుతుంది. దాని స్థానంలో ఓక్ రాదు.

పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో దీనికి పాత ఉదాహరణ. అక్కడ ముసలి ఓక్‌లను నరికి పైన్ నాటుతున్నారని చిత్రకారులు గొడవ చేశారు, వాళ్లలో ఒకడైన తెవొదోర్ రూసో 1852లో ఏకంగా ఫ్రాన్స్ పాలకుడు మూడో నెపోలియన్‌కే విన్నపం పంపాడు. 1853లో 624 హెక్టార్లు నరకకుండా పక్కన పెట్టారు, 1861లో డిక్రీ ద్వారా దాన్ని 1,097 హెక్టార్లు చేశారు. అమెరికాలో యెల్లోస్టోన్ పార్కు ఏర్పడింది 1872లో, అంటే ప్రకృతి కోసం చట్టం గీసిన తొలి గీతల్లో ఇదొకటి. అందులోనే ఉన్న లా తియె అనే భాగాన్ని అప్పటినుంచి నరకలేదు. మరి చిత్రకారులు కాపాడుకోవాలనుకున్న ఓక్‌లు? ఒక్కొక్కటిగా పోయాయి, ఇవాళ అక్కడ రాజ్యం బీచ్‌దే. అడవిగా అది అద్భుతమైన చోటు, నరకకుండా ఆపింది ఆ పోరాటమే. ఓక్ మాత్రం నిలవలేదు.

అసలు యూరప్‌లో మనం తలెత్తి చూసే మహా ఓక్‌లలో చాలా భాగం దట్టమైన అడవిలో పెరిగినవి కావు. పశువులు మేసే పలచటి బయళ్లలో, పందులను ఓక్ కాయలకు తోలుకెళ్లే చోట్ల పెరిగినవి. చెట్టును చూసి పోల్చుకోవచ్చు. పొట్టి బోదె, కిందినుంచే నాలుగు వైపులా చాచిన లావు కొమ్మలు ఉంటే అది ఎండలో ఎదిగిన చెట్టు. మేత ఆగిపోయాక చుట్టూ బీచ్, నీడలోనూ పెరగగల హార్న్‌బీమ్ అనే చెట్లు కమ్ముకొచ్చాయి. అలాంటి చోట్ల ఇప్పుడు చేసే పని ఏమిటంటే, ముసలి ఓక్ చుట్టూ దాని కొమ్మలకు తగిలే చెట్లను కొట్టేసి చోటు ఇవ్వడం. ఒక్కసారిగా కొట్టకూడదు. ఏళ్లుగా నీడలో ఉన్న ముసలి చెట్టుకు ఉన్నట్టుండి ఎండ, గాలి తగిలితే తట్టుకోలేదు, అందుకని కొన్నేళ్లు తీసుకుని విడతలుగా చేస్తారు. మేతను మళ్లీ తెచ్చినచోట్లూ ఉన్నాయి. స్వీడన్‌లో ఓక్ రంపపుపొట్టు, ఆకులు నింపిన పెద్ద చెక్కపెట్టెలను చెట్లకు కట్టి తొర్ర పురుగులు వస్తాయా అని పరీక్షించారు, చాలా జాతులు వచ్చాయి కూడా. అది తాత్కాలికమే, నిజమైన తొర్రకు సాటి కాదు, కానీ తరాల మధ్య ఖాళీని దాటించడానికి ఏదో ఒకటి ఉండటం నయం.

ఓక్ తనంతట తాను నిలబడే చోట్లు లేవని కాదు. వరద నీళ్లు నిలిచే నదీ తీరాలు, రాతి వాలు నేలలు, బీచ్ చేరలేని చలి ప్రాంతాలు దానివే. బియావోవెజాలో బీచ్ లేదు, అక్కడ ఓక్ లైమ్ (నిమ్మ కాదు, అదో పెద్ద అడవి చెట్టు), హార్న్‌బీమ్‌లతో కలిసి ఉంటుంది. జే పక్షి శరదృతువులో వేలకొద్దీ ఓక్ కాయలు నేలలో దాచి కొన్ని మరిచిపోతుంది, అవి తల్లిచెట్టుకు దూరంగా, వెలుగున్న చోట మొలుస్తాయి. సేద్యం రాకముందు అడవి దున్నలు, బైసన్‌లు మేసి పలచగా ఉంచిన అడవుల్లోనే ఓక్ నిలిచిందని డచ్ శాస్త్రవేత్త ఫ్రాన్స్ వేరా వాదించారు. నేల పొరల్లో మిగిలిన పాత పుప్పొడిని బట్టి అప్పటి చెట్లను లెక్కకట్టేవాళ్లలో చాలామంది అంత పలచన ఒప్పుకోరు. నా మట్టుకు నేను, ఏ నేలలో ఏ చెట్టు ఉందో చూడకుండా ఒకే వాదం పట్టుకు కూర్చోవడం తప్పంటాను.

ప్రశ్న: ఇప్పుడు ఎంత మిగిలింది? నిజంగా రక్షణ ఉందా?

జవాబు: రష్యాను పక్కన పెడితే, యూరప్ అడవుల్లో మనిషి చెయ్యి దాదాపు పడని భాగం ఒక శాతం లోపే అని అంచనా. కార్పతియన్ ఆదిమ బీచ్ అడవులు 2007లో స్లొవేకియా, ఉక్రెయిన్ ముక్కలతో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి, ఇవాళ ఆ జాబితా 18 దేశాలకు పాకింది. మిగిలిన పాత అడవులన్నిటినీ కఠినంగా కాపాడాలని యూరోపియన్ యూనియన్ 2020లో లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది అక్రమ నరికివేత ఆపడం లేదని రొమేనియా మీద చర్యలూ మొదలుపెట్టింది, మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గ వాటా అక్కడ ఉంది.

నాకు ఎక్కువ టెన్షన్ రిజర్వు (కాపాడే అడవి) గీత బయట జరిగేదాని గురించి. బీచ్ బెరడు పలచన, ఎండకు కమిలిపోతుంది. రిజర్వు అంచు దాకా నరుక్కుంటూ వస్తే అంచున ఉన్న ముసలి చెట్లు ఎండకు, పొడిగాలికి బలవుతాయి. రిజర్వు కొన్ని పదుల హెక్టార్లే అయితే ఆ అంచు చాలా లోపలి దాకా వచ్చినట్టే. 2018 నుంచి మూడేళ్లు మధ్య యూరప్‌లో పడిన కరువులో బీచ్‌లు పైనుంచి ఎండిపోవడం చూశాక చుట్టూ నీడ, తేమ నిలిపే పట్టీ ఉండాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఇంకా పెరిగింది.

ప్రశ్న: ఒక్కసారి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: తేలిగ్గా వెళ్లగలిగేది జర్మనీ మధ్యలోని హైనిష్. ఒకప్పటి సైనిక శిక్షణ స్థలం, 1997 చివర్లో జాతీయ పార్కు అయింది. ఆకుల పందిరి ఎత్తున నడవడానికి వంతెన కట్టారు, పైనుంచి చూస్తే ఏ సందు ఎప్పుడు పడిందో కనిపిస్తుంది. ఏప్రిల్ చివర్లో, బీచ్ ఆకులు పూర్తిగా విచ్చకముందు వెళ్తే నేలంతా పూలు. గాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం చెట్ల కిందికి వెళ్లకండి, లోపలి భాగాల్లో ఎండు కొమ్మలు కావాలనే కోయకుండా వదిలేస్తారు.