మిగిలిన ఇద్దరు ఏం చేస్తారు?

అమ్మాయీ,

నీ కథ మంగళవారం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనాలయ్యాక, కళ్లజోడు తుడుచుకుని, బుద్ధిగా. రెండోసారి పొద్దున్నే, పెన్సిల్ పట్టుకుని. మొదటిసారి నచ్చింది. రెండోసారి పెన్సిల్ అరిగింది.

మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి తప్పులతోనే మొదలుపెడతాను.

నీ కథ 2023 మార్చి 3 రాత్రి, కంఠీరవ స్టేడియం బయట టీ కొట్టు దగ్గర జరుగుతుంది. మారతహళ్లి పీజీలో ఉండే ముగ్గురు తెలుగు కుర్రాళ్లు బెంగళూరు, కేరళ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి బయటికొస్తారు. లీగ్‌లో ఫారినర్లను ఎంతమందిని ఆడనివ్వాలని పద్నాలుగు పేజీలు వాదించుకుంటారు. ఆ రాత్రి ఏం జరిగిందో తెలిసే రాశావా? ఎక్స్‌ట్రా టైమ్‌లో, కేరళ వాళ్లు ఇంకా బాల్‌కి అడ్డంగా గోడలా నిలబడకముందే, బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు. రెఫరీ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ తన టీమ్ మొత్తాన్ని బయటికి పిలిచేశాడు, వాళ్లు మళ్లీ మైదానంలోకి రానే లేదు. అలాంటి మ్యాచ్ చూసి బయటికొచ్చినవాళ్లు ఆ ఫ్రీకిక్ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడతారా? పీటల మీంచి పెళ్లికొడుకు లేచిపోతే, పందిట్లో కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పుకున్నట్టుంది నీ టీ కొట్టు సీను. తేదీ మార్చు. ఆ సీజన్‌లోనే ఏదో ఒక మామూలు మ్యాచ్ పెట్టుకో, పెద్దగా ఏమీ జరగనిది. చేతిలో మ్యాచ్ లేనప్పుడే మనవాళ్లు రూల్స్ మీద పడతారు.

రెండు, వాళ్లను మారతహళ్లిలో మెట్రో ఎక్కించావు. 2023లో అక్కడ మెట్రో ఎక్కడిది? బస్సులో బైయప్పనహళ్లి దాకా ఈడ్చుకొచ్చి అక్కడ మెట్రో ఎక్కించు, కబ్బన్ పార్క్‌లో దించు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మొదటి పది నిమిషాల ఆట పోగొట్టుకుంటే ఇంకా మంచిది. వాదనకు కావలసిన చిరాకు అక్కడే పుడుతుంది.

మూడోది పదకొండో పేజీలో ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

భాష సంగతి. నీ ముగ్గురిలో ఒకడిది వరంగల్, ఒకడిది కడప, ఇంకొకడిది శ్రీకాకుళం. ముగ్గురూ టీవీలో వార్తలు చదివేవాడిలా మాట్లాడుతున్నారు. ‘విదేశీ క్రీడాకారుల సంఖ్యను పరిమితం చేయవలసిన ఆవశ్యకత’ అని ఏ కుర్రాడు అంటాడమ్మా, చేతిలో టీ గ్లాసు కాలుతుంటే? ‘ఫారినర్లను తగ్గించాల్రా’ అంటాడు. మధ్యలో బెంగళూరు గాలి తగిలి రెండు ‘గురూ’లు కూడా పడతాయి.

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. వరంగల్ కుర్రాడు ఫారినర్లు కావాలంటాడు, శ్రీకాకుళం కుర్రాడు వద్దంటాడు. నువ్వు మొదటివాడి వైపు ఉన్నావని రెండో పేజీకే తెలిసిపోతోంది. ఎందుకంటే రెండోవాడికి ఒక్క మంచి మాట కూడా ఇవ్వలేదు, ‘మన దేశం, మన పిల్లలు’ అంటూ ఊగిపోవడం తప్ప. నీకు నచ్చని మనిషికే గట్టి వాదన ఇవ్వాలి, లేకపోతే అది కొట్లాట కాదు, కొట్టడం. వాడి చేతిలో పెట్టడానికి సరుకు బోలెడుంది. ఐఎస్ఎల్, అదే నీ కుర్రాళ్లు చూసే ఇండియన్ సూపర్ లీగ్, 2014లో మొదలైంది. అప్పుడు మైదానంలో ఆరుగురు ఫారినర్లు ఉండొచ్చు. 2017-18కి ఐదుగురయ్యారు, 2021-22కి నలుగురు. ఇంత తగ్గించినా, మొదటి సీజన్ నుంచి 2024-25 దాకా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా మనవాడికి రాలేదు. ప్రతి క్లబ్బూ డబ్బు పెట్టి తెచ్చుకున్న ఫారినర్‌ను గోల్ ముందు నిలబెడుతుంది, ఇంకొకణ్ని డిఫెన్స్ నడిమధ్యన నిలబెడుతుంది. మన కుర్రాళ్లు మైదానం అంచులకి, వింగ్ మీదికి, ఫుల్‌బ్యాక్‌కి జరిగిపోతారు. చివరికి దేశం టీమ్‌కి స్ట్రైకర్ కావాలంటే ఛెత్రి తర్వాత ఎవరు అని వెతుక్కోవడం. 2024 జూన్‌లో రిటైర్ అయినవాణ్ని 2025 మార్చిలో మళ్లీ పిలుచుకున్నాం కదా. ఐపీఎల్‌లో కూడా నలుగురే అన్న రూల్ ఉంది, దాని గురించి ఎవరూ ఇంత మథనపడరు. అక్కడ మనవాళ్లకు కొదవ లేదు మరి.

వరంగల్ కుర్రాడికీ ఇలాంటి సరుకే ఇవ్వు. వాడు హైదరాబాద్ టీమ్ అభిమాని అన్నావు, మరి 2022 మార్చి 20ని ఎలా మరిచిపోయావు? గోవాలో ఫైనల్, ఎదురుగా కేరళ. హైదరాబాద్‌ను అక్కడిదాకా మోసుకొచ్చింది ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. ‘వాడే లేకపోతే మనకు కప్పెక్కడిదిరా’ అని వీడంటాడు. కానీ ఆ ఫైనల్లో మ్యాచ్ చేజారుతుంటే 88వ నిమిషంలో పెనాల్టీ బాక్స్ బయటినుంచి కొట్టి స్కోరు సమం చేసింది సాహిల్ తవోరా, పెనాల్టీల్లో మూడు ఆపింది గోల్‌కీపర్ కట్టిమణి. ఇద్దరూ మనవాళ్లే. ‘మరి కప్పు తెచ్చిందెవడ్రా’ అని శ్రీకాకుళం వాడు అడగాలి. అప్పుడు కడప కుర్రాడు, పాపం వాడికి నువ్వు టీ డబ్బులివ్వడం తప్ప పనేమీ ఇవ్వలేదు, ‘వాళ్లిద్దరూ గోవా వాళ్లు, మీ హైదరాబాద్ వాళ్లెవర్రా టీమ్‌లో?’ అని ఒక్క మాట వేస్తాడు. ఇద్దరూ నోరు మూస్తారు. అదిగో, అక్కడ టీ తాగించు.

బోస్‌మన్ తీర్పు మీద ఒక పేజీ రాశావు. తీసెయ్. ఈయూ దేశాల ఆటగాళ్లకు ఫారినర్ల కోటా పెట్టకూడదని 1995లో యూరప్ కోర్టు ఎలా చెప్పిందో, నాలుగేళ్ల తర్వాత క్రిస్మస్ మర్నాడు చెల్సీ పదకొండు మంది పరాయి దేశాల వాళ్లతో ఎలా దిగిందో నీ కుర్రాళ్లకు తెలిసే ఉంటుంది. తెలిసినది ఒకరికొకరు పాఠం చెప్పుకోరు. ఉంచాలని అంత మనసైతే ఒక్క ముక్క ఉంచు. 1994 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ బార్సిలోనా వెళ్లింది. ఫారినర్ల కోటా లెక్క కుదరక, డెన్మార్క్ వాడైన తమ గోల్‌కీపర్ ష్మైకెల్‌ను పక్కన కూర్చోబెట్టారు. నాలుగు గోల్స్ తిన్నారు. ఆ నాలుగూ పక్కనుంచి చూస్తూ కూర్చున్న మనిషి ఉన్నాడే, కోర్టు తీర్పు కంటే నాకు అతనే ముఖ్యం.

నా పాత గొడవ ఒకటి చెప్తాను. తొంభైల మొదట్లో, ఈ ఊరొచ్చిన కొత్తల్లో, మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీమ్ మీద కథ రాశాను. బయటి ఊళ్ల ఆటగాళ్లను ఉద్యోగమిచ్చి తెచ్చుకోవాలా, ఇక్కడి కుర్రాళ్లనే తీసుకోవాలా అని యూనియన్ ఆఫీసులో పెద్ద చర్చ, నీ పద్నాలుగు పేజీల లాంటిదే. నా ఆవేశమంతా అందులో ఉంది. ఒక పత్రిక వాళ్లు తిప్పి పంపారు. ఉత్తరం లేదు. తిరగేస్తే ఒక్క చోట పెన్సిల్ గీత కనబడింది. గోల్‌కీపర్ వేసుకున్న గ్లౌజులు రెండూ ఎడమ చేతివే అని ఒక వాక్యం రాశాను, దాని పక్కన ‘నిజమా?’ అని. నిజమే. శివాజీనగర్‌లో పేవ్‌మెంట్ మీద సగం ధరకు కొన్నాడు, ఇంటికొచ్చాక చూసుకున్నాడు. మార్చుకోవడానికి వెళితే ఆ మనిషి అక్కడ లేడు. సీజన్ అంతా కుడి బొటనవేలు గ్లౌజు చిటికెన వేలులో దూర్చి ఆడాడు. నాకది నవ్వుకోవడానికి పనికొచ్చిన ముక్క, అంతే. ఆ సంపాదకుడికి మాత్రం నా ఇరవై పేజీల్లో అదొక్కటే కనబడింది. నెల రోజులు కోపంగా ఉన్నాను ఆయన మీద.

నీ కథలో ఆ గ్లౌజులు తొమ్మిదో పేజీలో ఉన్నాయి. పీజీ వంటాయన. కుర్రాళ్లు ఒక టికెట్ మిగిలిందని ఆయన్ను కూడా తీసుకొస్తారు. ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు. వీళ్లు రూల్ చెప్తారు, టీమ్‌లో ఆరుగురు ఫారినర్లు ఉండొచ్చు, వాళ్లలో ఒకడు ఆసియా వాడై ఉండాలి, మైదానంలో మాత్రం ఒకేసారి నలుగురికి మించకూడదు అని. ఆయన అంతా విని ‘మరి మిగిలిన ఇద్దరు ఏం చేస్తారయ్యా?’ అని అడుగుతాడు. ముగ్గురూ పగలబడి నవ్వుతారు, నువ్వు మళ్లీ వాదనలోకి వెళ్లిపోతావు.

అక్కడ ఆగాల్సింది తల్లీ. నిజంగానే ఏం చేస్తారు ఆ ఇద్దరు? ఎక్కడో సెర్బియా నుంచో బ్రెజిల్ నుంచో వచ్చి, హోటల్ గదిలో ఉండి, వారమంతా ప్రాక్టీస్ చేసి, ఆదివారం గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తి ఒళ్లు వేడి చేసుకుని మళ్లీ కూర్చోవడం. పైగా వాడి వంతు రావడం వాడి ఆట మీద కూడా ఆధారపడదు. నలుగురూ లోపలే ఉన్నారనుకో. మన సెంటర్‌బ్యాక్‌కు కండరం పట్టేసింది. బెంచ్ మీద ఫారిన్ డిఫెండర్ రెడీగా ఉన్నాడు, జెర్సీ సర్దుకుని లేచి నిలబడ్డాడు కూడా. అయినా దిగలేడు. వాణ్ని దింపాలంటే ముందు లోపలున్న నలుగురిలో ఒకణ్ని బయటికి లాగాలి. గోల్ వెనకబడి ఉంటే స్ట్రైకర్‌ను లాగుతాడా కోచ్? లాగడు. వేళ్లు మడిచి లెక్క చూసుకుంటాడు, ఆ లేచినవాడికి కూర్చోమని సైగ చేస్తాడు. నీ వంటాయన ఆట చూడటం ఎలాగూ రాదు కాబట్టి ఆయన చూసేది ఈ సైగనే. నీ పద్నాలుగు పేజీల రూల్ అంతా ఆ సైగలో ఉంది, ఆయన చేత చూపించు.

ఫారినర్ అంటే ఎవరో కూడా నీ కుర్రాళ్లు ఒక్కసారీ అడగలేదు. ఆస్ట్రేలియా 2006లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో చేరింది, కాబట్టి ఆ రూల్ ప్రకారం ఆస్ట్రేలియా వాడు ఆసియా వాడు. నీ కథ జరిగే సీజన్‌లో బెంగళూరుకు ఆడిన రాయ్ కృష్ణది ఫిజీ. పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లే, పేరులోనే కృష్ణుడున్నాడు, అయినా అతను ఫారినర్, ఆసియా వాడు కూడా కాదు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు, ఇది కడప కుర్రాడికి వాళ్ల తాత చెప్పి ఉండొచ్చు. అదే బెంగళూరుకు ఫారినర్‌గా వచ్చిన ర్యాన్ విలియమ్స్, పెర్త్‌లో పుట్టినవాడు, తల్లి వైపు ముంబై సంబంధంతో 2025లో మన పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. అదే కాలు, అదే కిక్కు, కోటాలో మాత్రం ఒక చోటు ఖాళీ అయింది. ఇవన్నీ కథలో పెట్టమని కాదు. నీకు తెలిసి ఉంటే చాలు, నీ మనుషులు కాస్త తడబడతారు.

పదకొండో పేజీ. కడప కుర్రాడు హఠాత్తుగా లేచి, కర్ణాటకలో ప్రైవేటు ఉద్యోగాలు స్థానికులకే అన్న బిల్లు గురించి మాట్లాడతాడు. ‘మనం కూడా ఈ ఊళ్లో ఫారినర్లమే కదరా’ అంటాడు. మొదటి సంగతి, ఆ బిల్లు వచ్చి, గొడవై, ఆగిపోయింది 2024 జూలైలో. నీ కథ 2023లో ఉంది. రెండోది, ఆ మాట వాడు అనకూడదు. నాకు తెలుసు, కథంతా ఆ ఒక్క మాట కోసమే రాశావు. నేనూ అదే చేసేవాణ్ని. కానీ కంఠీరవ బయట, కన్నడం రాని ముగ్గురు తెలుగు కుర్రాళ్లు నిలబడి ‘బయటివాళ్లను తగ్గించాలి’ అని అరుచుకుంటుంటే, పక్కనే టీ పోసే మనిషి కన్నడంలో డబ్బులడుగుతుంటే, చదివేవాడికి ఇంకా చెప్పాలా? హైదరాబాద్‌లో నిజాం 1919లో ముల్కీ ఫర్మానా ఇచ్చాడు, ఉద్యోగాలు స్థానికులకేనని, పదిహేనేళ్లు ఉంటే స్థానికుడని. 1952లో ఊరు ఊరంతా దాని మీద రోడ్డెక్కింది. మన జాతికి ఈ వాదన పాత చుట్టమే, పేరుపెట్టి పిలవకపోయినా గుర్తుపడతారు.

ఒక్కటి చెప్పి ఆపుతాను. 2018 మార్చి 17న ఇక్కడే ఫైనల్ చూశాను. బెంగళూరు ముందు గోల్ కొట్టింది, చెన్నై మూడు కొట్టి గెలిచింది, మూడూ బ్రెజిల్ వాళ్లవే. మొదటి రెండూ మెయిల్సన్ అనే డిఫెండర్ తలతో కొట్టాడు. నా చుట్టూ కుర్రాళ్లంతా ‘ఫారినర్లతో గెలిచారు’ అని తిట్టుకుంటున్నారు. నా పక్కన హలసూరు వైపు తమిళ పెద్దాయన ఒకాయన, అరవై దాటి ఉంటాయి, ఒక్క మాటా అనలేదు. రెండో గోల్ అయ్యాక మాత్రం నా మోచేయి పట్టుకుని, మన డిఫెండర్ ఒకణ్ని వేలుపెట్టి చూపించాడు. ‘కార్నర్ అప్పుడు వాడు చూస్తున్నది బాల్‌ని, మనిషిని కాదు’ అన్నాడు. ఇంటికెళ్లేదాకా ఆ మాట గురించే ఆలోచించాను, కప్పు పోయిన సంగతి మర్నాడు గుర్తొచ్చింది.

ఆ వంటాయన కల్పన కాదని నా అనుమానం. మీ పీజీలోనే ఉన్నాడు కదూ? ఆయనది ఏ ఊరో, ఈ ఊరొచ్చి ఎన్నేళ్లయిందో కనుక్కో. కథ కోసమని చెప్పకు, ఊరికే అడుగు. శనివారం మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటాను. భోజనానికి వచ్చెయ్, మీ పిన్ని గోంగూర పచ్చడి చేస్తానంటోంది. తొమ్మిదో పేజీ మాత్రం మళ్లీ రాసి తీసుకురా, మిగతావి ఇప్పుడే ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు