డీజిల్ క్యామ్‌షాఫ్ట్, పెట్రోల్ క్యామ్‌షాఫ్ట్ ఒకటేనా?

ప్రశ్న: పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నానండి, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ల్యాబ్‌లో డీజిల్‌ది ఒకటి, పెట్రోల్‌ది ఒకటి క్యామ్‌షాఫ్ట్‌లు పక్కపక్కన పెట్టారు, నాకైతే రెండూ ఒకేలా కనిపించాయి. అసలు తేడా ఏంటి? ఇంకోటి, మా అన్నయ్య తన డీజిల్ కారుకి పర్ఫార్మెన్స్ క్యామ్ వేయిద్దాం అంటున్నాడు, వేయించొచ్చా?

జవాబు: చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందులో మీ తప్పేం లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఏదైనా సరే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులని తెరిచే షాఫ్ట్) ఒక చుట్టు తిరుగుతుంది. తేడా అంతా ఆ కోడిగుడ్డు ఆకారపు లోబ్‌లు వాల్వ్‌ని ఎప్పుడు తెరుస్తున్నాయి, ఎంతసేపు తెరిచి ఉంచుతున్నాయి, ఎప్పుడు వదిలేస్తున్నాయి అన్నదాంట్లో ఉంది. అది కంటికి దొరకదు, డిగ్రీ వీల్ (తిరిగిన కోణం చూపేది), డయల్ గేజ్ (వాల్వ్ ఎంత లేచిందో చూపేది) పెట్టి కొలవాల్సిందే.

ముందు ఇన్‌లెట్ వాల్వ్, అంటే గాలి లోపలికొచ్చే వాల్వ్, మూసుకునే టైమ్ చూడండి, నా లెక్కలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. పెట్రోల్ ఇంజన్ 6000 ఆర్‌పీఎం దాకా పరిగెడుతుంది, ఆ స్పీడులో లోపలికి దూసుకొచ్చే గాలికి మంచి ఊపు ఉంటుంది కాబట్టి పిస్టన్ అడుగుకి వెళ్లి మళ్లీ పైకి తిరిగినా గాలి ఇంకాస్త దూరుతూనే ఉంటుంది, అందుకే ఆ వాల్వ్‌ని కాస్త ఆలస్యంగా మూస్తారు. కారు డీజిల్ 4500, 5000 దగ్గరే ఆగిపోతుంది, ఊపు వల్ల వచ్చే లాభం తక్కువ, పైగా స్పార్క్ ప్లగ్ లేదు, గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి అందులోకి డీజిల్ చల్లితేనే మంట పుడుతుంది. అందుకే కంప్రెషన్ రేషియో, అంటే గాలిని ఎన్నింతలు నొక్కుతారన్నది, పెట్రోల్‌లో 9 నుంచి 12 ఉంటే డీజిల్‌లో 16, 18, పాత ఇంజన్లలో 22 దాకా కూడా ఉండేది. ఇప్పుడు చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొట్టారనుకోండి, ఇంజన్ మెల్లగా తిరుగుతుంది, గాలికి ఊపే లేదు. ఆ టైమ్‌లో వాల్వ్ లేటుగా మూసుకుంటే పీల్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది, వేడి చాలదు, బండి స్టార్ట్ అవ్వదు. కాబట్టి డీజిల్ క్యామ్ ఇన్‌లెట్‌ని తొందరగా మూసేస్తుంది.

దీనికి మాజ్డా వాళ్లు 2012లో తెచ్చిన స్కైయాక్టివ్ డీజిల్ భలే ఉదాహరణ. కంప్రెషన్ 14కే తగ్గించారు, మరి చలిలో ఎలా అంటే, గాలి పీల్చుకునేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కూడా కొంచెం తెరిచి బయటికెళ్లిన వేడి పొగని మళ్లీ లోపలికి లాక్కునేలా చేశారు. క్యామ్ పనితనం అంటే అదీ, నాకు చాలా ఇష్టం ఆ ఇంజన్.

రెండోది ఓవర్‌ల్యాప్, అంటే ఎగ్జాస్ట్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ తెరుచుకుని రెండూ కాసేపు కలిసి తెరిచి ఉండటం. హై ఆర్‌పీఎం పెట్రోల్‌లో ఇది బాగా పెంచుతారు, బయటికి పోయే పొగ కొత్త గాలిని లాగుతుంది. కారు డీజిల్‌లో అంత చోటు లేదు. పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్‌కీ (సిలిండర్ పైమూత) మధ్య సుమారు ఒక మిల్లీమీటర్ సందు మిగులుతుంది, చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ ఎంత పైకి పొడుచుకొచ్చిందో కొలిచి మరీ దానికి తగ్గ మందం హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద వేసే సీలు) వేస్తారు, గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లు ఆ మందానికి గుర్తులే.

మీ అన్నయ్యకి జవాబు కూడా ఇదే, వద్దని చెప్పండి. వాల్వ్‌ని ఎక్కువ ఎత్తి ఎక్కువసేపు తెరిచే క్యామ్ వేస్తే పిస్టన్ వెళ్లి వాల్వులకి కొట్టుకునే ప్రమాదం ఉంది, అప్పుడు హెడ్ దింపాల్సిందే, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అసలు డీజిల్‌లో పవర్ వచ్చేది టర్బో తోసే గాలి నుంచి, ఇంజెక్టర్ చల్లే ఇంధనం నుంచి. ఆ డబ్బులేవో ఇంజెక్టర్లు చెక్ చేయించడానికి, టర్బో హోస్‌లు చూపించుకోవడానికి పెట్టమనండి.

మీ ఊళ్లో పొలం దగ్గర పాత సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజన్ ఎవరైనా విప్పితే తప్పకుండా వెళ్లి చూడండి, అలాంటి చాలావాటిలో క్యామ్‌షాఫ్ట్ మీద ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ లోబ్‌లతో పాటు డీజిల్ పంపుని నొక్కడానికి మూడోది ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ పాత 1.9 టీడీఐ పంప్ డ్యూజ్ (ప్రతి ఇంజెక్టర్‌లోనే పంపు ఉండే) ఇంజన్లలో అయితే ప్రతి ఇంజెక్టర్‌కీ ఒక లోబ్ ఉండేది, ఆ ప్రెజర్ భారమంతా క్యామ్ మీదే, అందుకే వాటికి ప్రత్యేకమైన ఆయిలే పోయాలి, లేకపోతే లోబ్‌లు అరిగిపోయేవి. కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పంపు నుంచి హై ప్రెజర్ ఇంధనం అందించే పద్ధతి, వచ్చాక ఆ బాధ పోయింది. ఇంకో తమాషా ఏంటంటే ఇప్పుడు డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్లు చాలావాటిలో హై ప్రెజర్ పంపుని తిప్పేది క్యామే, అంటే అదనపు లోబ్ కనిపించింది కదా అని డీజిల్‌దే అనుకోవద్దు.

వీవీటీ (వేరియబుల్ వాల్వ్ టైమింగ్) గురించి ఒక్క మాట. నడుస్తుండగానే క్యామ్ టైమింగ్‌ని ముందుకీ వెనక్కీ జరిపే ఈ ఏర్పాటు పెట్రోల్‌లో మామూలైపోయింది, డీజిల్‌లో అరుదు. పెట్రోల్‌కి ఐడిల్‌లో ఒక టైమింగ్, హైవే మీద ఇంకో టైమింగ్ కావాలి, తక్కువ స్పీడు రేంజ్‌లో తిరిగే డీజిల్‌కి దానివల్ల ఒరిగేది తక్కువ.

ప్రశ్న: నా పెట్రోల్ కారులో ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడితే పి0340 అనే కోడ్ వచ్చింది, క్యామ్‌షాఫ్ట్ మార్చాలా?

జవాబు: తొందరపడకండి. ఈ కోడ్ అంటున్నది క్యామ్ పొజిషన్ సెన్సార్ సర్క్యూట్ గురించి, షాఫ్ట్ పోయిందని కాదు. ముందు సెన్సార్ కనెక్టర్‌లో తడి, ఆయిల్, వదులు పిన్నులు చూపించండి, తర్వాత వైరింగ్, ఆ తర్వాతే సెన్సార్. అదే పి0016 వస్తే విషయం వేరు, క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరట్లేదని అర్థం, ఆ రెంటినీ కలిపే చైన్ సాగి ఉండొచ్చు లేదా చక్రం మీద ఒక పన్ను జారి ఉండొచ్చు. దాంతో పాటు పొద్దున స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి గరగరమని చైన్ చప్పుడు వస్తుంటే బండి నడపకండి, టోయింగ్ పెట్టించి తీసుకెళ్లండి.