నోటీసు వచ్చిందని బోర్డు దించేయకండి

నాచారంలో ఎనిమిదేళ్లుగా నడుపుతున్న మీ పచ్చళ్ల షాపు పేరును ఇంకెవరో నిరుడు ట్రేడ్ మార్క్‌గా రిజిస్టర్ చేయించుకుని, 15 రోజుల్లో బోర్డు తీసేయమని లాయర్ నోటీసు పంపారని రాశారు. పేరు మార్చక తప్పదా అని అడిగారు. తొందరపడకండి.

మాకూ ఇదే జరిగింది. నల్లకుంటలో మా అత్తయ్య 2006లో పెట్టిన పిండివంటల షాపు మాది. నోటీసు వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. "వాళ్లకి సర్టిఫికెట్ ఉంది, మనకేముంది?" అని మావారు ఒకటే టెన్షన్.

మనకు వాడకం ఉంది. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లో 34వ సెక్షన్ ఇందుకే ఉంది. వాళ్లు ఆ పేరు వాడటం మొదలుపెట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీరు ఆపకుండా వాడుతుంటే, సర్టిఫికెట్ చూపించి మిమ్మల్ని ఆపలేరు. తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద జరిగిన కేసులో, ముందు నుంచి వాడుతున్నవాళ్ల హక్కే రిజిస్ట్రేషన్ కన్నా గట్టిదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అయితే మీకు నోటీసు పంపినవాళ్లది పదేళ్ల వ్యాపారమైతే కథ వేరు. ఎప్పటి నుంచి వాడుతున్నామని దరఖాస్తులో రాశారో ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ముందు అది చూడండి.

తర్వాత కాగితాలు. మేం అటక మీది రేకు పెట్టె దింపాం. పాత బిల్లు పుస్తకాల్లో కార్బన్ అక్షరాలు వెలిసిపోయాయి, వెలుతురుకు పట్టి చూస్తేగానీ తేదీ కనపడదు. మా లాయర్‌కు వాటికన్నా నచ్చినవి రెండు: షాపు పేరుతో కవర్లు అచ్చు వేయించిన ప్రెస్సు బిల్లు, వీధి వినాయకుడి మండపం ఫొటోలో వెనకాల కనిపించే మా బోర్డు. మనం రాసుకున్నదాని కంటే బయటివాళ్ల చేతి సాక్ష్యానికి విలువెక్కువ అన్నారు. ఫుడ్ లైసెన్స్, ట్రేడ్ లైసెన్స్ కూడా తీసి పెట్టుకోండి.

మీ పేరులో 'స్వగృహ' లాంటి మాట ఉంటే దాని గురించి భయం వద్దు. హైదరాబాద్‌లో వీధికో బోర్డు మీద ఉన్న మాట అది, గొడవంతా దాని ముందున్న పేరు గురించే. లోగో సంగతి మాత్రం చూసుకోండి. బయటి ఆర్టిస్టు గీసిస్తే, హక్కులు సంతకంతో రాయించుకోకపోతే, కాపీరైట్ ఆయనదే.

అవతలివాళ్లకు ఫోన్ చేసి "మార్చేస్తాం లెండి" అని మాట మాత్రం ఇవ్వకండి. గడువులోపే లాయర్‌తో జవాబు ఇప్పించండి. మా జవాబుకు బిల్లుల కాపీలు జత చేశాక మళ్లీ ఉత్తరం రాలేదు. ఆ వారమే మా పేరుకూ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం, వ్యక్తులకు ఫీజు క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకుకు, 4,500 రూపాయలు. పద్నాలుగేళ్ల కష్టం ఉన్న పేరుకు ఆ పని మొదట్లోనే చేయనందుకు మా అత్తయ్య ఇప్పటికీ బాధపడుతుంది.